పైన నిర్ణయం, కింద వరద

నగరం విస్తరించడమంటే కేవలం ఇళ్లు పెరగడం కాదు. పొలాలు ప్లాట్లవుతాయి, చెరువులు కుంచించుకుపోతాయి, నాలాలు ఇరుకవుతాయి. ఆ పైన భారీ వర్షం కురిస్తే ఏమవుతుందో 2020 అక్టోబరులో హైదరాబాదు పాతబస్తీ చూసింది. గుర్రం చెరువు గట్టు తెగి హాఫిజ్ బాబానగర్ ఇళ్లలోకి నీరు చేరింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన సామగ్రి ఒక్క రాత్రిలో బురదపాలైంది.

వరద ఈ నగరానికి కొత్త కాదు. 1908లో మూసీ వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ విషాదం తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మాణమయ్యాయి. అవి వరదను అదుపు చేశాయి, నగరం దాహమూ తీర్చాయి. వాటి రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు జీవో, జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. 2022లో 69వ నంబరు జీవో ఈ ఆంక్షలను తొలగించింది.

ఆ గ్రామాల రైతుల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. పొరుగు ఊళ్లలో భూమి ధర పెరుగుతుంటే, నగరం నీటి కోసం తామొక్కరమే ఎందుకు నష్టపోవాలని వారు అడిగారు. అయితే ఎగువన కాంక్రీటు పరిచితే నష్టపోయేది దిగువన ఉన్నవారు. మరి ఈ ఇరువురూ కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు ఏది?

రాజ్యాంగం ఆ చోటును చూపింది. 74వ సవరణ ద్వారా చేరిన 243-జెడ్‌ఈ అధికరణం, పది లక్షలు, ఆపై జనాభా గల మహానగర ప్రాంతానికి ప్రణాళికా సంఘం ఉండాలన్నది. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది, పురపాలక సభ్యులూ పంచాయతీ అధ్యక్షులూ తమలోనుండి ఎన్నుకున్నవారై ఉండాలి. అంటే భూమి భవిష్యత్తును అధికారులు మాత్రమే నిర్ణయించరాదు.

నీరు, నేల మన చేతిలోని అమానతులు. వాటి విషయంలో సంప్రదింపు లేకుండా నిర్ణయం జరగరాదన్నది మా అభిప్రాయం. కనుక మాస్టర్‌ప్లాన్ ముసాయిదా వెలువడినప్పుడు మన మహల్లా పెద్దలు, చదువుకున్న యువతీయువకులు ఆ పటాన్ని తెచ్చి చూడాలి. మన చెరువు, మన నాలా అందులో ఉన్నాయో లేవో పరిశీలించాలి. లేకుంటే గడువులోగా అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా సమర్పించి, రసీదు తీసుకోవాలి. ఓటు అడగవచ్చిన ప్రతినిధిని ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగాలి: ప్రణాళికా సంఘంలో మా తరఫున ఎవరున్నారు?