కాలము తప్పిన గుర్తులు

రేడియోలో వార్తలకు ముందు వినవచ్చెడి కాలసూచక ధ్వనులను బట్టి గోడగడియారమును సరిచేసికొనుట మన యిండ్లలో చిరకాలముగా నున్న అలవాటు. ధ్వనికిని గడియారమునకును రెండు నిమిషముల తేడా వచ్చినచో, గడియారము వెనుకబడినదనియో ముందు నడచినదనియో మన మందుము. కాలమే తప్పుగా నడచినదని ఎవరైన అన్నచో నవ్వి ఊరకుందుము. కాని దూరదేశములకు పోయివచ్చిన యాత్రికులు కొందరికి సరిగా ఆ సందేహమే కలిగినది. విచారింపగా కొందరి విషయమున తేడా దినములను లెక్కించు పద్ధతిలో నున్నట్లు తేలినది. కొందరి విషయమున గడియారపు నడకలో నున్నట్లు తేలినది. కడకు లెక్కయు సరియే, గడియారమును సరియే, కాలమే వేరుగా నడచినదని తేలిన సందర్భములు కూడ వచ్చినవి. ఈ మూడింటిని వేరుపరచుకొనుటకు మానవునకు నాలుగున్నర శతాబ్దములు పట్టినది.

కాలయాత్ర అనగానే మనకు మొదట జ్ఞప్తికి వచ్చువాడు రైవతుడు. భాగవతము నవమస్కంధమున అతని కథ కలదు. కుమార్తెయైన రేవతికి తగిన వరు నెవ్వరో అడిగి తెలిసికొనుటకై ఆ రాజు ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అక్కడ గానము సాగుచుండుటచే అది ముగియువరకు కొంతసేపు వేచియుండి, పిదప తన మనవి చెప్పుకొనెను. బ్రహ్మ నవ్వి, ఆ కొంతసేపటిలో భూమిపై ఇరువదియేడు మహాయుగములు గడచిపోయినవనియు, అతడు మనసున నుంచుకొన్న వరులు గాని, వారి పుత్రపౌత్రులు గాని ఇప్పుడు లేరనియు తెలిపెను.

ఇది పురాణకథ. ఇందు భౌతికశాస్త్రము దాగియున్నదని మేము చెప్పబోము. కాని ఇందొక సూక్ష్మము గమనింపదగియున్నది. సభలో కూర్చున్నంతసేపు రైవతునకు ఏ వింతయు తోచలేదు. పాట పాటవలెనే సాగినది. ఊపిరి ఊపిరివలెనే ఆడినది. తన లెక్కను భూలోకపు లెక్కతో కలిపి చూచిన క్షణముననే కాలము తప్పినదని అతనికి తెలిసినది. యాత్రికుని చేతిలోని గడియారము ఒంటరిగా నున్నంతవరకు ఏ రహస్యమును చెప్పదు. రెండు లెక్కలు ఎదురుపడిన చోటనే గుర్తు పుట్టును. చరిత్రలో నిజముగా జరిగిన సంఘటనలను ఇక చూతము.

1519 సెప్టెంబరు 20వ తేదీన మాగెల్లాను నాయకత్వమున ఐదు నౌకలు స్పెయిను దేశమునుండి పడమటి దిక్కుగా బయలుదేరినవి. మాగెల్లాను 1521లో ఫిలిప్పీను దీవులలో జరిగిన పోరాటమున మరణించెను. మిగిలినవారిలో కొందరు ఎల్కానో నడిపిన విక్టోరియా అను ఒక్క నౌకపై, ఎల్లప్పుడును పడమటికే పోవుచు, ఆఫ్రికాను చుట్టి, 1522 జూలైలో కేప్ వెర్డీ దీవులలోని శాంటియాగో రేవు చేరిరి. అది పోర్చుగీసువారి దీవి. వారు స్పెయినువారికి పోటీదారులు. నౌకలోనివారు ఆకలిచే కృశించియుండిరి. బియ్యము కొరకు పడవపై కొందరిని ఒడ్డునకు పంపుచు, ఈనాడు ఏ వారమో కనుగొని రండని చెప్పిరి. వారు తిరిగి వచ్చి, ఒడ్డున గురువారమని చెప్పిరి. నౌకలోని లెక్క ప్రకారము అది జూలై 9వ తేదీ, బుధవారము.

నౌకలో పిగాఫెట్టా అను ఇటలీ దేశస్థుడు కలడు. అతడు యాత్రావృత్తాంతమును దినదినమును వ్రాసియుంచినవాడు. తాను ఏనాడును జబ్బుపడలేదనియు, ఒక్క దినమైనను విడువక వ్రాసితిననియు, కావున లెక్క తప్పుటకు వీలు లేదనియు అతడు చెప్పుకొనెను. ఇది వట్టి వేడుక విషయము కాదు. వారు శుక్రవారమున మాంసము ముట్టరాదను నియమము గల క్రైస్తవులు. ఒక దినము తప్పినదన్నచో ఉపవాసములును పండుగలును వేరు దినములలో జరిగినవన్నమాట. ఏకాదశి ఉపవాసము ద్వాదశినాడు చేయుచు వచ్చితిమని మాసముల తరువాత తెలిసినచో మన పెద్దల మనస్సు ఎట్లుండునో ఊహించిన, వారి కలవరము మనకు బోధపడును. వారిలో 13 మందిని పోర్చుగీసువారు ఆ దీవియందే నిర్బంధించిరి. తక్కినవారు తప్పించుకొని సాగి, సెప్టెంబరు 6వ తేదీన స్పెయిను చేరిరి. విక్టోరియాపై నాడు ఒడ్డు చేరినవారు 18 మంది.

ఇందలి రహస్యము సులభమైనది. సూర్యుడు తూర్పునుండి పడమటికి పోవుచున్నట్లు మనకు కనబడును. మనమును పడమటికే పోయినచో, సూర్యుని కొంచెముగా వెంబడించినట్లగును. ఒక మధ్యాహ్నమునుండి మరుసటి మధ్యాహ్నము వరకు 24 గంటలకంటె రవ్వంత ఎక్కువ పట్టును. ఒక్కొక్క రేఖాంశమునకు 4 నిమిషముల చొప్పున 360 రేఖాంశములకు 1,440 నిమిషములు, అనగా సరిగా ఒక దినము. వారి దినములు సంఖ్యలో ఒకటి తక్కువ. కాని ఒక్కొక్కటి కొంచెము పొడవు. వారి ఆయుస్సులో ఒక్క నిమిషమైనను పోలేదు. పిగాఫెట్టా లెక్కయు సరియే, ఒడ్డువారి లెక్కయు సరియే.

ఈ చిక్కును తీర్చుటకే పసిఫిక్ మహాసముద్రమున 180వ రేఖాంశమునకు దగ్గరగా దినరేఖ ఏర్పడినది. తెలుగువారును పోయి స్థిరపడిన ఫిజీ దీవుల మీదుగా ఆ రేఖాంశము పోవుచున్నది. దీవులన్నింటను ఒకే వారము నడచుటకై దినరేఖను అక్కడ ప్రక్కకు వంచిరి. 2011లో సమోవా దేశము దినరేఖకు తూర్పు ప్రక్కనుండి పడమటి ప్రక్కకు మారదలచెను. అచ్చటివారు డిసెంబరు 29 గురువారము రాత్రి నిద్రించి, 31 శనివారము ఉదయము లేచిరి. 30వ తేదీ శుక్రవారము ఆ దేశమున లేనే లేదు.

రెండవ జాతి గుర్తు గడియారమున కనబడినది. 1672లో ఫ్రెంచి శాస్త్ర పరిషత్తువారు జాన్ రిషే అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుని దక్షిణ అమెరికాలోని కయెన్ నగరమునకు పంపిరి. అది భూమధ్యరేఖకు ఉత్తరమున 5 డిగ్రీల దూరములో నున్నది. పారిసులో సరిగా నడచిన లోలక గడియారము అక్కడ దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడుచుండెను. నక్షత్రముల గమనముతో సరిచూచి, ఇది నిజమని రిషే తెలిసికొనెను. లోలకమును రెండు మిల్లీమీటర్లకు పైగా కురుచ చేసినగాని కాలము సరిపడలేదు. అతడు తొందరపడక, పది నెలల పాటు అదే పరీక్షను మరల మరల చేసి వ్రాసికొనెను.

గడియారము చెడిపోలేదు. లోలకము ఊగుట భూమి ఆకర్షణను బట్టి యుండును. భూమధ్యరేఖ వద్ద ఆ ఆకర్షణ కొంచెము తక్కువ. కావున ఊపు మందగించినది. న్యూటను 1687లో ప్రకటించిన గ్రంథమున ఈ కొలతను ఆధారముగా గైకొని, భూమి తిరుగుటచే నడుమ ఉబ్బి, ధ్రువముల వద్ద అణగియున్నదని వాదించెను. గడియారపు తప్పని త్రోసివేయదగిన రెండున్నర నిమిషములు భూమి ఆకారమునే తెలిపినవి.

ఈ రెండు సందర్భములలోను కాలమునకు ఏమియు కాలేదు. మూడవ జాతి గుర్తు వేరు. 1905లోను 1915లోను ఐన్‌స్టీను ప్రతిపాదించిన సాపేక్ష సిద్ధాంతములను బట్టి, వేగముగా పోవు గడియారము నిలిచియున్న దానికంటె నెమ్మదిగా నడచును. ఎత్తున నున్న గడియారము క్రిందనున్న దానికంటె త్వరగా నడచును. గడియారమే కాదు, దానితోబాటు ప్రయాణించు సమస్తమును అట్లే నడచును. కావున యాత్రికునకు తనయందు ఏ మార్పును కనబడదు. మన వేగములకు ఈ తేడా మిక్కిలి స్వల్పము, గోడగడియారమునకు దొరకదు. పరమాణువులను ఆధారముగా గొన్న గడియారములు వచ్చినగాని పరీక్షకు వీలు కలుగలేదు. సీజియము పరమాణువు సంబంధమైన 919,26,31,770 కంపనములకు పట్టు కాలమే ఒక సెకండని 1967లో అంతర్జాతీయముగా నిర్ణయమైనది.

1971 అక్టోబరులో హాఫెల్, కీటింగ్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు సీజియము గడియారములను మామూలు ప్రయాణికుల విమానములలో వెంటబెట్టుకొని, భూమిని ఒకసారి తూర్పుగాను, ఒకసారి పడమరగాను చుట్టివచ్చిరి. వాషింగ్టనులోని నౌకాదళ వేధశాలయందు కదలక నిలిచియున్న గడియారములతో వానిని పోల్చిరి. తూర్పుగా పోయినవి సుమారు 59 నానోసెకండ్లు వెనుకబడినవి. పడమరగా పోయినవి సుమారు 273 నానోసెకండ్లు ముందునకు పోయినవి. నానోసెకండనగా సెకండులో వందకోట్లవ వంతు. విమానము ఎత్తున పోవుటచే రెండు యాత్రలలోను కాలము త్వరపడవలెను. కాని భూమి తూర్పునకు తిరుగుచున్నది గదా; తూర్పుగా పోవు విమానపు వేగము భూభ్రమణముతో కూడి పెరుగును, పడమరగా పోవుదానిది తగ్గును. అందుచే ఒక యాత్రలో నష్టమును, మరియొక యాత్రలో లాభమును కలిగినవి. సిద్ధాంతము ముందుగా చెప్పిన లెక్కకు ఈ ఫలితములు కొలత పరిమితులలో సరిపడినవి. పిగాఫెట్టా కోల్పోయిన దినము పంచాంగము దిద్దినంతనే తిరిగి వచ్చినది. ఈ నానోసెకండ్లు మాత్రము ఏ పంచాంగము దిద్దినను తిరిగి రావు. అవి నిజముగా గడచిన, గడవని క్షణములు.

అయినను సందేహము పూర్తిగా పోలేదు. 1977 జూన్ 23వ తేదీన అమెరికావారు సీజియము గడియారముతో ఒక ప్రయోగోపగ్రహమును పంపిరి. అంతరిక్షమున గడియారము త్వరగా నడచునను మాటను ఆ పనిలో నున్నవారిలోనే కొందరు నమ్మలేదు. అందుచే దిద్దుబాటు పరికరమును అమర్చియు, అవసరమైనచో భూమినుండి ఆజ్ఞ పంపి పనిచేయించునట్లు ఏర్పాటు చేసి, మొదట దానిని ఆపియుంచిరి. సుమారు ఇరువది దినములు గడియారమును దాని నడకకే విడిచి చూచిరి. లక్షకోట్ల భాగములలో సుమారు 446 భాగములు త్వరపడవలెనని సిద్ధాంతము చెప్పినది. కొలతలో సుమారు 442 భాగములు వచ్చినవి. అటుపిమ్మట పరికరమును పనిచేయించిరి.

నేడు మన చేతిఫోనులో దారి చూపెడి జి.పి.యస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. ఎత్తుచే దినమునకు 45 మైక్రోసెకండ్ల లాభమును, వేగముచే 7 మైక్రోసెకండ్ల నష్టమును కలిగి, మొత్తము 38 మైక్రోసెకండ్లు ముందునకు పోవును. మైక్రోసెకండనగా సెకండులో పదిలక్షలవ వంతు. రేడియో తరంగము ఆ స్వల్పకాలములో 300 మీటర్లు పోవును. కావున దిద్దుబాటు లేనిచో ఒక్క దినముననే దూరపు లెక్క 11 కిలోమీటర్లు తప్పును. రేవు వెదకు నౌకకును, రోగి యిల్లు వెదకు అంబులెన్సుకును అది ప్రాణముతో కూడిన లెక్క.

ఇక తప్పు గడియారముదో, కాలముదో తెలియుట యెట్లు? 2013 జూలై 1వ తేదీన శ్రీహరికోటనుండి మన దేశము పంపిన దారిచూపు ఉపగ్రహములలో మొదటిదానియందు మూడు రుబీడియము గడియారములు ఉండెను. 2017 జనవరి నాటికి ఆ మూడును చెడిపోయినట్లు తెలియవచ్చెను. అవి నిజముగా పాడైన గడియారములు. చెడిన గడియారము తన యిష్టము వచ్చినట్లు తప్పును. దాని తప్పు ముందుగా లెక్కకు అందదు, ప్రక్కనున్న మంచి గడియారమునకు అంటదు. కాలమే మారినప్పుడు వేర్వేరు జాతుల మంచి గడియారములన్నియు ఒకే పరిమాణమున, ముందుగా లెక్కగట్టినంతయే మారును. ఒక్క సాక్షి మాటను శంకింపవచ్చును. ఒకరినొకరు ఎరుగని పదిమంది సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడు న్యాయాధిపతి చెవియొగ్గవలసినదే.

ఈ పరీక్ష నేడు మన యింటి మెట్లవరకు వచ్చినది. 33 సెంటీమీటర్ల ఎత్తు తేడాకు కాలపు నడకలో కలుగు భేదమును అమెరికా శాస్త్రజ్ఞులు 2010లో కొలిచిరి. 2022 నాటికి ఒక మిల్లీమీటరు తేడాకు సైతము కొలువగలిగిరి. మేడమీద కాపురమున్నవాడు క్రింది వాటాలోని వానికంటె త్వరగా ముసలివాడగుచున్నాడన్నమాట. కాని అద్దె బేరమాడుటకు ఇది చాలదు. ఎనుబదియేండ్ల జీవితమున ఆ తేడా ఒక మైక్రోసెకండు కూడ కాదు. గోడగడియారము రెండు నిమిషములు తప్పినచో ఐన్‌స్టీనును తలపవలదు. కీ ఇచ్చి సరిచేసికొనవలెను.

ఇన్ని సంఘటనలలోను మనకు కనబడు గుణము ఒక్కటే. శాంటియాగో రేవులో గురువారమని విన్నప్పుడు, ఎక్కడనో ఒక దినము మరచితినని పిగాఫెట్టా తన పుస్తకమున ఒక గీత దిద్దియున్నచో, ఎవ్వరును తప్పుపట్టియుండరు. కయెన్ నగరమున రిషే గడియారమును విసుగుతో మూలపెట్టియున్నను ఎవ్వరును ఆశ్చర్యపడియుండరు. వారు తమ లెక్కను దిద్దలేదు, ఎదుటివారి లెక్కను త్రోసివేయలేదు. రెండింటిని ప్రక్కప్రక్కన వ్రాసి, తేడాను తేడాగానే నిలిపియుంచిరి. తరువాతివారు దానిని చదువగలుగుట అందువలననే.