బీటిల్స్ కీర్తి: అపోహలు – వాస్తవములు

ఇంగ్లాండులోని లివర్‌పూల్ నగరమున పుట్టి, పట్టుమని పదేండ్లయినను నిలువక 1970 నాటికే విచ్ఛిన్నమైన బీటిల్స్ బృందమును గూర్చి రాక్ సంగీతప్రియులు నేటికిని రెండు పక్షములై వాదులాడుచునే యున్నారు. ఆధునిక సంగీతమున నూతనమైన దెల్ల వారి సృష్టియే యని యొక పక్షము. ఆ కీర్తి యంతయు పత్రికల ఆర్భాటమని వేరొక పక్షము. మొదటివారి అతిశయోక్తియే రెండవవారి నిరసనకు మూలమగుటచే, స్తుతినిందలను రెంటిని కొంతసేపు ప్రక్కకు నెట్టి, జరిగినదానిని విచారించుట యుక్తము.

అపోహ: ప్రచారబలమును, కన్నెపిల్లల కేకలును వారిని పైకెత్తినవి.

వాస్తవము: 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సల్లివాన్ టెలివిజన్ కార్యక్రమమున వారిని ఏడుకోట్ల మందికి పైగా అమెరికనులు చూచిన మాటయు, కచేరీలలో ఆ కేకల నడుమ పాట వినబడని మాటయు నిజమే. కాని అంతకు పూర్వము, 1960 మొదలు 1962 వరకు, జర్మనీలోని హాంబర్గు మద్యశాలలలో రాత్రుల తరబడి గంటలకొలది వాయించి వారు చేయి తిరిగినవారైరి. 1962లో డెక్కా కంపెనీవారు పాడించి చూచి వలదని పంపివేసిరి. మరుసటి యేడు ఫిబ్రవరి 11న తొలి ఆల్బమునకు కావలసిన పది పాటలను ఒక్క దినముననే పాడి ముగించిరి. నాడు బృందగాయకుడు జాన్ లెనన్‌కు జలుబు చేసియుండెను. గొంతు చించుకొని పాడవలసిన ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను అందుచేతనే చిట్టచివరకు నిలిపిరి, రాత్రి పొద్దుపోయిన పిదప అతడు మొదటి మారు పాడినదే రికార్డుకెక్కెను, రెండవ మారు పాడబోగా గొంతు పెగలలేదు. ప్రచారమువలన ఇట్టి పాట పుట్టదు.

అపోహ: ప్రయోగములన్నియు వారే తొలుత గావించిరి.

వాస్తవము: ఇది అభిమానుల కల్పన. భారతీయ సంగీతచ్ఛాయ 1965 జూలైలో వెలువడిన కింక్స్ బృందమువారి ‘సీ మై ఫ్రెండ్స్’ నందే కలదు. జార్జ్ హారిసన్ సితారు మీటిన ‘నార్వీజియన్ వుడ్’ ఆ యేటి డిసెంబరునగాని రాలేదు. పాటలన్నింటిని ఒకే భావసూత్రమున గ్రుచ్చి ఆల్బముగా కూర్చుట ఫ్రాంక్ సినాట్రా 1955లోనే చేసెను. టేపులను కత్తిరించి, అతికి, ధ్వనులు కల్పించు విద్యయు యూరోపు సంగీతవేత్తలు అంతకు ముందే అభ్యసించినది. అయినను 1966లో ‘టుమారో నెవర్ నోస్’ కొరకు టేపులను వలయములుగా అతికి, స్టూడియో సిబ్బంది పెన్సిళ్లతో వానిని బిగువు సడలకుండ పట్టి యంత్రములపై త్రిప్పుచుండగా పుట్టిన ఆ వింత నాదము, పండితుల గదులు దాటి సామాన్యుని గ్రామఫోనుపై మ్రోగెను. ఆద్యులగుట వేరు, అందరి చెవికి ఎక్కించుట వేరు. వారి ఘనత రెండవదానియందున్నది.

అపోహ: ప్రతిభ యంతయు నిర్మాత జార్జ్ మార్టిన్‌దే.

వాస్తవము: బృందములోని నలుగురిలో స్వరలిపి చదువనేర్చినవాడు లేడు, మార్టిన్ శాస్త్రీయ శిక్షణ గలవాడు. ‘ఎలినార్ రిగ్బీ’కి ఎనిమిది తంత్రీవాద్యముల కూర్పు వ్రాసినది అతడే. ఆ ఋణము సామాన్యమైనది కాదు. కాని ఆ కూర్పునకు ఆధారమైన బాణీ పాల్ మెకార్ట్‌నీ తెచ్చినది. అదే కాలమున అదే మార్టిన్ మరెందరో గాయకులకు రికార్డులు చేసెను గాని, వారెవ్వరును ఇంత దూరము నడువలేదు.

అపోహ: రింగో స్టార్ డ్రమ్ములు వాయింపనేరడు, లెననే అతనిని పరిహసించెను.

వాస్తవము: లెనన్ అట్లనినట్లు ఆధారము లేదు, ఆ ఛలోక్తి బ్రిటిష్ హాస్యకార్యక్రమములలో ప్రబలినది 1980లో అతడు మరణించిన పిదప. 1962లో ‘లవ్ మీ డూ’కు వేరొక డ్రమ్మరును పిలిపించి, రింగో చేతికి టాంబొరిన్ నిచ్చిన మాట మాత్రము సత్యము. ఎడమచేతివాటము గల రింగో కుడిచేతివారికై అమర్చిన డ్రమ్ములపై వాయించుటచే అతని దరువులు ఊహింపని త్రోవను పోవును. ‘రెయిన్’ పాటను విన్నవారికి వేరు సాక్ష్యము అక్కరలేదు.

బీటిల్స్ వ్రాసిన ప్రతి పాటయు ఉత్తమమైనది కాదు. 1968 నాటి ముప్పది పాటల జంట ఆల్బమును ఏరి ఒక్క రికార్డుగా కుదించిన బాగుండునని మార్టినే తలచెను. వారిని సర్వమునకు ఆదికర్తలనుట మితిమీరిన పొగడ్తయే. కాని 1962లో ‘లవ్ మీ డూ’తో బయలుదేరి, ఏడేండ్లలో ‘అబ్బీ రోడ్’ ఆల్బమును చేరి, నడుమ తమ గెలుపునైనను మరల అనుకరింపని బృందమునకు ఆ కీర్తి ఎక్కువ కాదు. వాదమునకు దిగువారు ఆ రికార్డులను వెలువడిన వరుసలో ఒక్కమారు విని, పిదప తీర్పు చెప్పుదురు గాక!