ట్రాన్స్‌సీవర్ ఎంపిక, వినియోగం

అమెచ్యూర్ రేడియో లైసెన్సు పరీక్ష గురించి గత భాగంలో చదివారు. ఇప్పుడు సెట్టు సంగతి చూద్దాం. ప్రసారిణి, గ్రాహకం రెండూ ఒకే పెట్టెలో ఉంటే దానిని ట్రాన్స్‌సీవర్ అంటాం. లైసెన్సు రాకముందే కొనిపెట్టుకోకండి. మనదేశంలో దానిని దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలి. అమ్మేవారు మొదట వాట్లు చెబుతారు. మీరు మొదట తేల్చుకోవలసింది ఎంత దూరంలో ఉన్నవారితో మాట్లాడాలన్నది.

చాలామంది 144–146 మెగాహెర్ట్జ్ చేతి సెట్టుతో మొదలుపెడతారు. ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి కనుక భూమి వంపు వాటికి అడ్డు. ఆంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణించండి. సమతల ప్రదేశంలో ఆ ఆంటెన్నా పరిధి కిలోమీటర్లలో వస్తుంది. 1.5 మీటర్ల ఎత్తుకు అది 5 కిలోమీటర్లు. నేలమీద నిలబడిన ఇద్దరి పరిధులు కలిపితే 10. ఒకరి ఆంటెన్నాను 16 మీటర్ల ఎత్తున కడితే మొత్తం 21 దాటుతుంది. ఒక్క వాటు కూడా పెంచలేదు, గమనించారా?

దూరం వందల కిలోమీటర్లయితే 3–30 మెగాహెర్ట్జ్ హెచ్.ఎఫ్. సెట్టు కావాలి. ఈ తరంగాలను ఐనోస్ఫియర్ తిరిగి భూమికి పంపుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది. టెలిఫోన్లు మూగబోయినప్పుడు వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటించి, తమవారి క్షేమసమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేర్చింది హెచ్.ఎఫ్. సెట్టే. అక్కడ చేతి సెట్లు ఎన్ని ఉన్నా ఆ పని జరిగేది కాదు.

ఇక శక్తి. 50 వాట్లకు బదులు 100 వాట్లు పంపితే పెరిగేది 3 డెసిబెల్‌లు, అంటే అవతలివారి ఎస్-మీటరులో అర విభాగం. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బు కేబుల్‌కు పెట్టండి. సన్నని ఆర్.జి.-58 కేబుల్ 30 మీటర్లు వాడితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆంటెన్నాకు చేరేది సుమారు నాలుగో వంతు శక్తే. హెచ్.ఎఫ్.కు మామూలు రాగితీగ డైపోల్ చాలు. 143ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే దాని పొడవు మీటర్లలో వస్తుంది.

ఆంటెన్నా తగిలించకుండా ప్రసార మీట ఎప్పుడూ నొక్కకండి. శక్తి వెనక్కు మళ్ళి చివరి ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. మొదట తక్కువ శక్తితో ఎస్.డబ్ల్యు.ఆర్. చూడండి, 1.5 లోపు ఉంటే మంచిది, 2 దాటితే తీగనూ, కనెక్టర్లనూ సరిచూడండి. వాక్ ప్రసారానికి 7 మెగాహెర్ట్జ్‌లో దిగువ పార్శ్వపట్టీ, 14లో ఎగువ పార్శ్వపట్టీ వాడుక. కాసేపు వినండి. ఆ పౌనఃపున్యంలో ఎవరైనా ఉన్నారా అని అడగండి. జవాబు రాకపోతే మీ కాల్ సైన్ చెప్పి పిలవండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రెండు స్టేషన్లలోనూ ఆంటెన్నాలు 25 మీటర్ల ఎత్తున ఉంటే వాటి మధ్య దూరం ఎంతవరకు ఉండవచ్చు? 14.2 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ పొడవు ఎంత?