విత్తనములో దాగిన సేవ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వరి రైతులలో ‘జగిత్యాల సన్నాలు’ అను పేరు వినని వారు అరుదు. ఆ వంగడమును రూపొందించినవారు ఎవరని అడిగినచో చెప్పగలవారు అంతకంటెను అరుదు. శాస్త్రజ్ఞుని పేరు విత్తనపు సంచిపై ఉండదు. ఊరి పేరు మాత్రమే ఉండును. రైతు ఇంట పుట్టి, చదువుకొని, తిరిగి రైతు పొలమునకే తన ఆయువును ధారపోయు ఆ సేవ ఎట్టిదో ఈ నెల పాఠకులకు వివరింపదలచితిమి.

జగిత్యాల పట్టణమునకు సమీపమున పొలాస గ్రామము కలదు. 1980 దశాబ్దములో అచట ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము నెలకొన్నది. 2008లో వ్యవసాయ కళాశాలయు వెలసినది. నేడు ఈ రెండును ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినవి. వ్యవసాయ విద్యలో రైతుబిడ్డలకు ప్రత్యేకముగా కొన్ని స్థానములు కేటాయించుట మన రాష్ట్రమున చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. నాగలి పట్టిన ఇంటివానికి పైరు బాధ వేరుగా చెప్పనక్కరలేదు గదా!

ఈ ప్రాంతపు వరికి పెద్ద బాధ ఉల్లికోడు. దోమవంటి చిన్న ఈగ ఆకులపై గ్రుడ్లు పెట్టును. వాటినుండి వెలువడిన పురుగు మొవ్వులోనికి చేరి తినుచుండగా, ఆ పిలక ఉల్లికాడవలె తెల్లని గొట్టమగును. అట్టి పిలకకు వెన్ను రాదు. ఆలస్యముగా నాటిన వానాకాలపు పైరులో బెడద మరింత హెచ్చు. పురుగు మొవ్వులో దాగియుండుటచే మందు చల్లినను దానికి తగులుట కష్టము. కనుక పురుగును తట్టుకొను గుణము విత్తనములోనే ఉండవలెను.

ఆ గుణము మన నాటు వరిలోనే దొరకినది. ‘ఈశ్వరకోర’ అను పాత రకము ఉల్లికోడును తట్టుకొనుట గమనించి, వరంగల్లు పరిశోధకులు దానిని మారుటేరు వంగడమగు ఎం.టి.యు. 15తో సంకరపరచి డబ్ల్యు. 1263 అను రకమును సాధించిరి. కాని పురుగును ఊరకుండదు. కాలక్రమమున దానిలో క్రొత్త తెగలు పుట్టును. ఒకచోట తట్టుకొన్న వరి మరియొకచోట లొంగిపోవును. అందుచే ఈ పరిశోధనకు ముగింపు లేదు.

మరియొక చిక్కు కలదు. 1986లో బాపట్లనుండి వచ్చిన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, సన్నబియ్యమునకు పేరు పొందినది. అయితే అది ఉల్లికోడుకు లొంగును. కోతకు వచ్చుటకు దాదాపు 150 దినములు పట్టును. కాకతీయ కాలువ చివరి భూములలోనో, బావి క్రిందనో గింజ పాలుపోసుకొను వేళ నీరు తగ్గినచో రైతు పెట్టిన పెట్టుబడి అంతయు తాలుగింజల పాలగును. పొలాస శాస్త్రజ్ఞులు ఈ సాంబ మసూరిని, ఉల్లికోడును తట్టుకొను వరంగల్లు వంగడమగు ‘కావ్య’తో సంకరపరచిరి. అందుండి వచ్చినదే జె.జి.ఎల్. 1798, మన జగిత్యాల సన్నాలు. గింజ సన్నము, ఉల్లికోడును తట్టుకొను గుణము కలదు, సాంబ మసూరికంటె సుమారు 3, 4 వారములు ముందుగా ఇంటికి చేరును.

చెప్పుటకు ఇది నాలుగు మాటలు. చేయుటకు ఎన్ని ఏండ్లు! వరిపువ్వులో 6 కేసరములుండును. సాయంకాలము గింజ కొన కత్తిరించి, వాటిని ఒక్కొక్కటిగా తొలగించి, వెన్నునకు కాగితపు సంచి తొడుగుదురు. మరునాటి ఉదయము పువ్వులు విచ్చు వేళ రెండవ రకపు పుప్పొడిని దులుపుదురు. అట్లు దక్కిన కొద్దిపాటి గింజలను నాటి, వాటి సంతతిలో వేలకొలది మొక్కలను చూచి, మంచివానిని ఏరుచు పోవలెను. 6, 7 తరములు గడచినగాని గుణములు నిలకడకు రావు. పిదప పరిశోధనా క్షేత్రములందును, రైతుల పొలములందును పరీక్షలు. మొత్తము 10, 12 ఏండ్లు సాగు పని ఇది. సంకరము చేసిన చేయి ఒకటి, ఏరిన కన్ను మరియొకటి కావచ్చును. ఒకరు మొదలుపెట్టినదానిని తరువాత వచ్చినవారు తమదిగా భావించి సాగింతురు. పేరు ఆశించువాడు ఈ పనిలో నిలువలేడు.

పొలాస ప్రభ, మానేరు సోన, కరీంనగర్ సాంబ, జగిత్యాల మసూరి, బతుకమ్మ — ఇవన్నియు ఇచ్చటి వంగడములే. ఊరి పేరు, ఏటి పేరు, పండుగ పేరు. వ్యక్తి పేరు ఒక్కటియు లేదు. ఆ మానేటి ఒడ్డుననే సిరిసిల్ల నేతన్నలు బట్ట నేయుచున్నారు. కట్టుకొనువారికి నేసినవాని పేరు తెలియదు. తినువారికి విత్తనము కూర్చినవాని పేరును అంతే.

ఈ ఋణమును రైతు సోదరులు తీర్చుకొను మార్గము ఒకటి కలదు. ఇవి సంకర జాతి విత్తనములు కావు, స్థిరపడిన వంగడములు. కనుక రైతు తన పంటనుండియే విత్తనము దాచుకొనవచ్చును. 2001 నాటి చట్టము ఆ హక్కును రక్షించుచున్నది. వెన్ను వేయు వేళ, కోతకు ముందు చేను నడచి, ఎత్తులోను రంగులోను తేడాగల మొక్కలను పెరికివేయవలెను. విత్తనపు వడ్లను వేరుగా నూర్చి, బాగుగా ఎండబెట్టి నిలువ చేయవలెను. 3, 4 ఏండ్లకొకసారి పరిశోధనా స్థానమునుండి గాని, నమ్మకమైన చోటినుండి గాని క్రొత్త విత్తనము తెచ్చుకొనవలెను. ఉల్లికాడలు అసాధారణముగా కనిపించినచో వెంటనే శాస్త్రజ్ఞులకు తెలుపవలెను. పురుగు మారుచున్నదని వారికి మొదట చెప్పవలసినది పొలముననున్న రైతే.

పేరు తెలియని ఆ మనిషి తన వంతు పని చేసి విత్తనమును మన చేతికిచ్చినాడు. దానిని చెడకుండ కాపాడుకొనుట మన వంతు.