గలిజేరు - మూత్రపిండములు

మార్కాపురము ప్రాంతమందలి కొనకనమిట్ల మెట్టభూములలో తొలకరి జల్లులు కురియగానే గట్లవెంబడి గలిజేరు ప్రాకుచుండును. వేసవిలో పైతీగ యెండినను వేరు చావదు; వాన తగులగానే మరల చిగుర్చును. అందుచేతనే పెద్దలు దీనిని 'పునర్నవ' యనిరి. దీని ఆకును పప్పులో వండుకొందురు. వేరును ఆయుర్వేద వైద్యులు ఒడలి వాపులకును మూత్రవ్యాధులకును వాడుదురు.

మన మూత్రపిండ మొక్కొక్కదానియందు సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత భాగములు కలవు. రెండును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు లీటరున్నర మాత్రమే మూత్రముగా వెడలించి, తక్కినదానిని రక్తమునకు మరల నిచ్చును.

సూక్ష్మక్రిములు తీవ్రముగా సోకినపుడు శరీరము వానితో పోరాడును. ఆ పోరు అదుపుతప్పినచో స్వంత అవయవములే దెబ్బతినును. దీనిని వైద్యులు 'సెప్సిస్' అందురు. అప్పుడు మూత్రపిండములలో శోథము, అనగా లోపలి వాపు పుట్టి, వడపోత మందగించును.

పసుపులోని కర్క్యుమిన్, ఉల్లిలోని క్వెర్సెటిన్ అను పదార్థములు ఇట్టి శోథమును తగ్గించునని ఎలుకలపై జరిపిన ప్రయోగములు తెలుపుచున్నవి. గలిజేరు సారమును గూడ ఎలుకలలో పరీక్షించిరి. అయినను ఎలుకకు పనిచేసినది మనుష్యునకును పనిచేయునని నమ్మరాదు. కర్క్యుమిన్‌ను మ్రింగినచో రక్తమున చేరునది మిక్కిలి స్వల్పము. వీనిలో ఏదియు సెప్సిస్‌కు మందుగా ఇంకను స్థిరపడలేదు.

మొక్కలన్నియు మేలే చేయునని తలపరాదు. 1990 తరువాతి సంవత్సరములలో బెల్జియము దేశమున, బరువు తగ్గుటకై మాత్రలు మ్రింగిన నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండములు చెడిపోయినవి. ఒక మూలికకు బదులుగా అరిస్టోలోకియా జాతి మూలిక వానిలో కలియుటయే కారణము. మన చేలలో పెరుగు గాడిదగడపాకును ఆ జాతిలోనిదే! ఆ విషపదార్థము దీనియందును కలదు.

కావున బాలలారా, తీవ్రజ్వరముతో రోగికి మూత్రము తగ్గినను, ఊపిరి వేగమైనను, మాట తడబడినను కషాయములతో కాలము గడుపక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. క్రిములను చంపు మందులును, నరముద్వారా ఎక్కించు ద్రవములును సకాలమున అందుటయే మూత్రపిండములకు రక్ష. గలిజేరు గుణమును శాస్త్రజ్ఞులు ఇంకను శోధింతురు గాక! పరీక్షకు నిలిచిన నాడే మూలిక మందగును.