సాహసం సరే... ఎవరి కోసం?

గ్రీకు పురాణాల్లోని పెర్స్యూస్‌కీ, మన తోటరాముడికీ చుట్టరికం వుందంటే నవ్వుతారేమో! కానీ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరినీ పెంచింది తల్లే. ఇద్దరికీ ఒక రాజుగారు అసాధ్యమైన పని చెప్పారు. ఇద్దరూ ప్రాణాలకు తెగించి వెళ్ళారు, గెలిచారు, కోరుకున్న పిల్లను పెళ్ళాడారు. ఒకడు వేల ఏళ్ళ క్రితం గ్రీకుల నడుమ పుట్టిన కథ. రెండోవాడు 1951లో మద్రాసులో, విజయా వారి స్టూడియోలో పుట్టాడు. అంతే తేడా!

మన బీబీపేటలో (నిన్నటి నిజామాబాదు జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా) నాలుగు జాతర్లు చూసిన ముసలాయన్ను ఎవరినైనా ఆపి, 'మాయల ఫకీరు పానం ఎక్కడున్నదే తాతా?' అని అడగండి. 'చిల్కల ఉన్నది బిడ్డా' అని ఠక్కున జవాబొస్తుంది. గ్రీకు వీరుల పేర్లు తెలియకపోతేనేం? వీరుడి ప్రయాణం అంటే ఏమిటో ఆయనకు చదువుకున్న వాళ్ళకన్నా బాగా తెలుసు.

చిలకలో ప్రాణం... కట్టెలో ప్రాణం

బాలనాగమ్మ కథ బుర్రకథగా వూళ్ళేలింది. సురభి వారి నాటకమై జనాన్ని హడలగొట్టింది. 1942లో జెమిని వారు సి. పుల్లయ్యగారి దర్శకత్వంలో తెరకెక్కిస్తే కాంచనమాల బాలనాగమ్మ అయింది. మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు చూపిన క్రౌర్యాన్ని ఆ తరం మరిచిపోలేదు. 1959లో అంజలీదేవి, ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావులతో మళ్ళీ వచ్చింది.

ఇందులో సాహసం చేసేది మొగుడు కాదు, కొడుకు! తండ్రి కార్యవర్ధిరాజు రాయైపోతే, తల్లి మాంత్రికుడి చెరలో వుంటే, కుర్రవాడు బాలవర్ధిరాజు బయల్దేరతాడు. ఏడు సముద్రాల అవతల వున్న చిలకను పట్టి తెస్తాడు.

గ్రీకుల్లోనూ ఇలాంటి ప్రాణం గుట్టు వుంది. మెలియాగర్ అనే వీరుడి ఆయువు ఒక కట్టెలో వుంది. ఆ కట్టె కాలిపోతే అతను పోతాడు. దాన్ని పెట్టెలో దాచి కాపాడిన తల్లే, తన అన్నదమ్ముల్ని కొడుకు చంపాడన్న కోపంలో తీసి నిప్పుల్లో పడేసింది! మనకు తల్లి కోసం చిలక మెడ విరిచిన కొడుకు, వాళ్ళకు కొడుకు ఆయువును పొయ్యిలో పెట్టిన తల్లి. కథాసూత్రం ఒకటే, దారులు వేరు.

పని చెప్పిన రాజులు

పెర్స్యూస్ తల్లి డానే మీద పాలిడెక్టిస్ రాజు కన్నేశాడు. కొడుకు అడ్డు తొలగాలని, చూస్తేనే మనిషి రాయైపోయే మెడ్యూసా తల తెమ్మని పంపాడు. జేసన్ రాజ్యం అడిగితే, పెదతండ్రి పీలియాస్ బంగారు ఉన్ని తెమ్మని సముద్రం మీదికి తోలాడు. తోటరాముడికి ఉజ్జయిని రాజు పెట్టిన షరతు తనతో సమానమైన సంపద. అక్కడ 'వెళ్ళి చావు' అన్న ఎత్తుగడ, ఇక్కడ 'నా బిడ్డను ఎట్లా పోషిస్తావు?' అన్న మామగారి నిలదీత.

అందుకే కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు గార్ల 'పాతాళ భైరవి' మన ఇంటి కథలా వుంటుంది. రాముడి తల్లిగా వేసింది ఎవరనుకున్నారు? తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి అయిన సురభి కమలాబాయి! 1962లో వచ్చిన 'గులేబకావళి కథ'లోనూ అంతే. తండ్రి పోగొట్టుకున్న చూపు కోసమే కొడుకు పువ్వును వెతుకుతూ వెళతాడు. సి. నారాయణరెడ్డి గారు సినిమా పాటల్లో తొలి అడుగు వేసింది ఆ చిత్రంతోనే. ఆయన హనుమాజీపేట మన పొరుగు సిరిసిల్ల జిల్లాదే!

దారం ఇచ్చిన చెయ్యి

అసలు సంగతి ఇక్కడుంది. ఏ వీరుడూ ఒంటరిగా గెలవలేదు. చిక్కుదారుల కోటలోకి వెళ్ళిన థీసియస్‌కు దారం ఉండ ఇచ్చింది అరియాడ్నే. జేసన్‌కు మంత్రం, మందు ఇచ్చింది మెడియా. మరి వాళ్ళకు దక్కిందేమిటి? థీసియస్ ఆమెను నాక్సోస్ దీవిలో వదిలి వెళ్ళాడు. జేసన్ రెండో పెళ్ళికి సిద్ధమయ్యాడు. మెడియా పగ అతని వంశాన్నే తుడిచేసింది. చివరికి తన ఓడ ఆర్గో పాత దూలం విరిగి మీద పడి చచ్చిపోయాడా వీరుడు.

మన కథలో మాయల ఫకీరు గుట్టు రాబట్టింది ఎవరు? చెరలో వున్న బాలనాగమ్మే! కత్తి కొడుకుదైతే యుక్తి తల్లిది. ఆ తల్లిని విడిపించి ఇంటికి తెచ్చాకే కథ ముగుస్తుంది. 'పాతాళ భైరవి'లో అంజి తెలివి లేకపోతే రాముడి గతేమిటి? సాయం చేసిన వాళ్ళను మరిచిన వీరుణ్ణి మన జనం వీరుడిగా ఒప్పుకోరు.

'శుభం' తరువాత

అయితే గ్రీకుల్ని తక్కువ చేయకూడదు. మనం 'శుభం' కార్డు వేసి లేచి వస్తాం. వాళ్ళు ఆ తరువాత ఏమైందో కూడా చెప్పారు. గెలుపు మనిషిని ఎంత గర్విష్ఠిని చేస్తుందో, ఆ గర్వం ఎట్లా కూలుతుందో దాచలేదు. ఆ ధైర్యం మన జానపద చిత్రాలకు తక్కువే.

ఇక తెరమీది మాయలంటారా? 1963లో వచ్చిన జేసన్ సినిమా కోసం రే హారీహౌసెన్ అస్థిపంజరాల కత్తియుద్ధాన్ని నెలల తరబడి బొమ్మలు కదిలించి తీశాడు. అదే ఏడాది మన విఠలాచార్యగారు కాంతారావుతో 'గురువును మించిన శిష్యుడు' తీశారు. వాళ్ళ ఖర్చు వాళ్ళది, మన నేర్పు మనది!

ఇవాళ కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో ఎంత పెద్ద కొండనైనా నిలబెట్టొచ్చు. 2015లో 'బాహుబలి'లో శివుడు పిల్ల కోసం జలపాతం ఎక్కాడు. ఆ పిల్ల మోస్తున్న బాధ్యతను తన భుజాన వేసుకున్నాడు. తీరా చూస్తే సంకెళ్ళలో వున్నది కన్నతల్లే! హాలు హోరెత్తింది జలపాతానికి మాత్రమే కాదు, ఆ తల్లికి కూడా.

కథ రాసే బాబులూ! హీరో చేతికి కత్తి ఇచ్చే ముందు, అతను ఎవరి కోసం వెళుతున్నాడో చెప్పండి. సాయం చేసిన చేతిని వదలకుండా ఇంటికి తీసుకురండి. టికెట్ కొనే బాధ్యత మాది!