మీకు తెలుసా? ఏ ఏటి చేప ఆ ఏటిదే!

గుంతకల్లు చుట్టుపక్కల రైతు విత్తనం కొనేటప్పుడు మొదట అడిగేది ధర కాదు, ‘ఈ విత్తనం ఎక్కడిది?’ అని. ఒక నేలలో విరగకాసింది పక్క నేలలో చేతికి రాకపోవచ్చు. ఏటి చేపల సంగతీ అంతే.

• చల్లటి కొండ ఏళ్లలో బతికే ట్రౌట్ మన దేశపు చేప కాదు. 1900లో బ్రిటన్ నుంచి గుడ్లు తెప్పించి కశ్మీర్‌లో పొదిగించారు. ఆ గుడ్లు వచ్చిన ఐరోపాలో బ్రౌన్ ట్రౌట్ జన్యువులను పరిశీలిస్తే 5 పెద్ద వంశాలు తేలాయి. నదులు వేరైనకొద్దీ లక్షల ఏళ్లలో చేపలూ వేరయ్యాయి.

• స్లొవేనియాలోని సోచా నదిలో ఒంటినిండా పాలరాతి చారలుండే ట్రౌట్ ఉంది. గత శతాబ్దం తొలినాళ్లలో అదే నదిలో బయటి బ్రౌన్ ట్రౌట్‌ను వదిలారు. రెండూ కలిసి సంకర సంతతి పుట్టింది. అసలు జాతి కొన్ని వాగుల్లోనే మిగిలింది. ఎగువన ఉన్న ఆ వాగుల్లోకి బయటి చేప ఎక్కి రాకుండా జలపాతాలే అడ్డుగోడలై కాపాడాయి.

• మన దక్షిణాదిన ఇలాంటి కథే మహసీర్ చేపది. కావేరిలో 50 కిలోలు దాటి పెరిగిన మూపురం మహసీర్ గురించి ఒకప్పుడు ప్రపంచమంతా చెప్పుకుంది. అది ‘టార్ రెమాదేవి’ జాతి అని శాస్త్రవేత్తలు తేల్చింది మాత్రం 2018లో. అదే ఏడాది అది అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ‘తీవ్ర ప్రమాదంలో ఉన్న’ జాతిగా చేరింది.

• దాని చోటు ఆక్రమించింది ఎవరో కాదు, మన కృష్ణమ్మ బిడ్డే! నీలి రెక్కల మహసీర్‌ను 1839లో సైక్స్ అనే పరిశోధకుడు తొలిసారి వర్ణించింది పుణె దగ్గరి ముళా-ముఠా నది చేపను చూసి. అది కృష్ణా పరీవాహకమే. లోనావాలా హేచరీలో పెంచిన ఆ జాతి పిల్లలను మంచి మనసుతోనే కావేరిలో వదిలారు. 1998 నుంచి 2012 దాకా గాలం వేసేవారు రాసుకున్న లెక్కలు చూస్తే, ఏట్లో చేప పెరిగింది, ఏటి చేప తరిగింది.

• మన హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) తుంగభద్ర నీటిని పెన్నా అహోబిలం, మిడ్ పెన్నార్ జలాశయాలకు చేరుస్తుంది. అంటే కృష్ణా పరీవాహకం నీరు పెన్నా పరీవాహకంలోకి వస్తోంది. కరువు సీమకు ఆ నీరు ప్రాణం. కానీ కాలువ వెంట నీరు ఒక్కటే రాదు. చేప గుడ్లు, పిల్లలు కూడా రావచ్చు. అందుకే ఏ ఏట్లో ఏ చేప ఉందో ముందే లెక్క రాసిపెట్టుకోవాలి.

• 1957 జులై 10న శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలికున్హి ఇంజెక్షన్‌తో కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఏటా ఆ రోజే జాతీయ చేపల రైతుల దినం. ఊరూరా చేపపిల్లలు అందడానికి ఆ విద్యే దారి తీసింది. అయితే నాలుగైదు జతల తల్లి చేపలనే ఏళ్ల తరబడి వాడితే రక్తసంబంధం దగ్గరైపోయి సంతతి బలహీనపడుతుంది. లక్ష పిల్లలున్నా అవి ఒకే ఇంటి పిల్లలే.

• కొరమీను గాలి పీల్చగలదు. చెరువు ఎండినా తడి బురదలో కొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. చాలా చేపలకు మాత్రం వేసవిలో మడుగే దిక్కు. ఏరు ఎండిపోయినప్పుడు ఆ మడుగులో మిగిలినవే వచ్చే వానలకు విత్తనం. ఆ మడుగును మోటార్లతో తోడేసి ఆఖరి చేప దాకా పట్టేస్తే, ఆ ఏటి వంశం అక్కడితో సరి.

• 1983లో అలహాబాద్‌లో వెలసి, తర్వాత లక్నోకు మారిన జాతీయ చేపల జన్యు వనరుల సంస్థ మగ చేపల వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచే విద్యను నేర్చింది. అది ఎంతో విలువైన పని. కానీ అసలైన విత్తనాల గాదె ఏరే.

ఈసారి మీ ఊరి చెరువుకు చేపపిల్లల లారీ వస్తే ఎన్ని తెచ్చారని మాత్రమే అడగకండి. శనక్కాయ విత్తనం ముందు నిలబడి అడిగే ఆ మాటే అడగండి: ‘ఇవి ఎక్కడివి?’